డ్యూటీ దిగని కానిస్టేబుల్

కోమల చెప్పే కథల్లో దయ్యానికి అడ్డూ అదుపూ ఉండదు. మూసిన తలుపులోంచి నడిచి వస్తుంది, వాన నీళ్ల మీద నిలబడుతుంది, చనిపోయినవాళ్లను పలకరించి చంపినవాడి పేరు రాబడుతుంది. ఇన్ని చేసే దయ్యం, పక్కన సాక్షులు లేకుండా శవ పంచనామా జరుగుతుంటే మాత్రం చూస్తూ ఊరుకోదు. సాక్షులు వచ్చేదాకా ఎస్సై చెవిలో పోరుపెడుతూనే ఉంటుంది. దయ్యం ఎలాగూ అబద్ధమే, పోలీసు పని కూడా అబద్ధమైతే వినేవాళ్లకు ఇక మిగిలేదేమిటని కోమల వాదన. నవ్వొస్తే నవ్వుకోండి. ఆమె మాత్రం ఆ మాట మీద నుంచి జరగలేదు.

ఆ కథల పేరు ‘డ్యూటీ దిగని కానిస్టేబుల్’. ఫోన్లో కథలు వినిపించే ఒక యాప్‌లో వారానికో భాగం వస్తుంది. చౌటుప్పల్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లో, బీరువాకూ గోడకూ మధ్యనున్న సందులో కూర్చుని, ఫ్యాను బంద్ చేసి, దుప్పటి కప్పుకుని కోమల ఆ కథ చెబుతుంది. మిగతా రోజులు ఒక మండల ఆఫీసులో టైపు పని. ఆ ఉద్యోగం ఆమె చదువును చూసి ఇచ్చింది కాదు, భర్త చనిపోయినందుకు ఇచ్చింది. ఆఫీసులో ఎవరూ ఆ సంగతి ఎత్తరు గాని, కుర్చీలో కూర్చునే ప్రతిసారీ ఆమెకు అది గుర్తొస్తుంది.

కథలో హీరోకు పేరు లేదు. పోలీసు శాఖలో కానిస్టేబుల్‌ను నంబరుతో పిలుస్తారు కాబట్టి అతన్ని అందరూ ‘పదిహేడు నలభైరెండు’ అంటారు. హైవే మీద డ్యూటీలో ఉండగా లారీ గుద్ది చనిపోయాడు. చనిపోయిన సంగతి తెలుసు గాని డ్యూటీ దిగలేదు. ఎవరికీ కనిపించకుండా ఠాణా చుట్టూ తిరుగుతూ, బతికున్న పోలీసులకు చిక్కని కేసులు పట్టిస్తుంటాడు. దొరికినవాడి మీద చెయ్యి ఎత్తడు. ఇరవై నాలుగు గంటల్లోపు కోర్టులో నిలబెట్టారా లేదా అని మాత్రం చూస్తాడు.

కోమల భర్త నంబరు కూడా పదిహేడు నలభైరెండే. అతని పేరు జాషువా.

కోమల పుట్టింది అచ్చంపేట దిక్కు పల్లెలో. తండ్రి జానయ్యకు సొంత భూమి లేదు. తల్లి యాదమ్మ పత్తి ఏరడానికి పోతూ బిడ్డనూ వెంట తీసుకుపోయేది. ఎండ నెత్తికెక్కి వంచిన నడుం పట్టేసే వేళకు యాదమ్మ దయ్యం కథ ఎత్తుకునేది. వినాలంటే ఆమెతో సమానంగా సాలు వదలకుండా ఏరాలి, వెనకబడ్డవాళ్లకు దయ్యం ఎటు పోయిందో తెలియదు. ఆ యాదమ్మ కూలివాళ్లను నడిపించిన తీరు చూస్తే మేస్త్రీకి కూడా ముచ్చటేసేది. కోమలకు దయ్యాలు అలా తల్లి నుంచి వచ్చాయి. పోలీసులు జాషువా నుంచి వచ్చారు.

జాషువా అన్నం ముందు కూర్చుంటే ఆ రోజు ఠాణాలో జరిగిందంతా చెప్పేవాడు, అదీ నోట్లో ముద్ద పెట్టుకుని. మధ్యలో కోమల ఏదో ఒకటి అడ్డం వేసేది. “దొంగ దొరికినంక ఇంకేంది, జైల్ల వెయ్యరా?” అనేది. “అట్ల గాదే కోమలా, జర ఇను,” అని ముద్ద పక్కన పెట్టి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేవాడు. అన్నం చల్లారిపోయేది. అతని తల్లి మైసమ్మ విసుక్కునేది. మైసమ్మ పేరు ఊరి దేవతది, నమ్మకం ఏసుప్రభువు మీద, ఆ రెండింటికీ ఆమె దగ్గర ఏనాడూ కొట్లాట రాలేదు. రోజంతా రోడ్డు మీద నిలబడి వచ్చిన కొడుకుకు ఆమె గిన్నెడు నీళ్లు కాగబెట్టి, పిడికెడు ఉప్పు వేసి, టబ్బులో పోసి ముందు పెట్టేది. కాళ్లు ఆ నీళ్లలో పెట్టాకే అతనికి ఇల్లు చేరినట్టు. ముప్పై దాటిన పోలీసు, టబ్బులో కాళ్లు పెట్టుకుని కూతురు సంధ్యతో నీళ్లు చల్లుకుంటూ కూర్చునేవాడు.

తెలంగాణ వచ్చిన ఐదో ఏటి వానాకాలంలో, సర్వీసు రోడ్డు హైవేను కలిసే చోట అతని పాయింట్ డ్యూటీ. ఠాణా పేరు ఇక్కడ అక్కర్లేదు. ట్రాక్టర్ ఒకటి పక్కకు ఒరిగితే బండ్లను అటు మళ్లిస్తున్నాడు. పొద్దుగూకే ముందు అతన్ని డ్యూటీ నుంచి దింపి ఆ చోట నిలబడడానికి రావలసినవాడు విజేందర్. ఒకే బ్యాచ్‌లో ట్రైనింగ్ చేసినవాళ్లు, ఒకే ప్లేటులో తిన్నవాళ్లు. జోరువానకు విజేందర్ బండి ఆపి ఒక హోటలు చూరు కింద నిలబడ్డాడు. వాన తగ్గాక బయల్దేరి వస్తుంటే, దూరం నుంచి లారీ పోవడం కనిపించింది. దగ్గరికొచ్చేసరికి జాషువా రోడ్డు మీద ఉన్నాడు. నంబరు ప్లేటు విజేందర్‌కు కనిపించలేదు, కెమెరాల్లో కూడా వాన తప్ప ఏమీ లేదు. ఫిర్యాదు రాసి ఇచ్చింది విజేందరే. ఇదంతా అందరికీ తెలిసిందే, దాచిందేమీ లేదు. అతన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు, కోమల అసలే అనలేదు.

తుపాకులు పేల్చి గౌరవంగా సమాధి చేశారు. తర్వాత కొన్ని రోజులకు సంధ్య అన్నం తినకుండా మొండికేసి, బాపు ఎప్పుడొస్తాడని అడిగింది. అప్పటికి దానికి ఐదేళ్లు. “బాపు డ్యూటీల ఉన్నడు బిడ్డా. గాని మనకు కనవడడు,” అంది కోమల. కనబడకుండా ఏం చేస్తున్నాడో చెబితేగాని సంధ్య నోరు తెరవలేదు. ముద్దకో కేసు చొప్పున కోమల చెప్పుకుంటూ పోయింది. తల్లి పత్తి చేనులో చేసిన పనే అది. పిల్ల మొండితనం మాని బడికి పోయే రోజులొచ్చాయి, కథ మాత్రం ఆగలేదు. సంధ్య కోసం ఫోన్లో రికార్డు చేసి దాచుకున్న కథను ఆఫీసులో ఒకామె విని, యాప్‌కు పంపమని పోరింది.

వేలమంది వినడం మొదలుపెట్టాక తప్పులు పట్టేవాళ్లూ మొదలయ్యారు. ఒక భాగంలో ఎస్సై శవాన్ని చూసి, పంచనామా లేకుండానే నేరుగా దవాఖానకు పంపించేస్తాడు. దాని కింద ఎవరో, “రాసినామెకు ఠాణా గడప కూడా తెలిసినట్టు లేదు,” అని కామెంటు పెట్టారు. దయ్యం ఎలా నడుస్తుందని ఒక్కరూ అడగలేదు, అది వేరే సంగతి. తెలియదన్నది తనను కాదు, జాషువాను అన్నట్టే కోమలకు తోచింది. ఆ ఆదివారమే చర్చి నుంచి తిన్నగా విజేందర్ ఇంటికి పోయింది.

అది మొదలు ప్రతి ఆదివారం పోయేది. విజేందర్ అప్పటికి హెడ్ కానిస్టేబుల్ అయ్యాడు. అతని భార్య స్వర్ణ చాయ్ పెట్టి తెచ్చేది. కోమల ఒడిలో కాగితాలు పెట్టుకుని అడిగేది. “అన్నా, బావిల శవం తేలిందనుకో, మొదలు ఏం జెయ్యాలె?”

“మొదలు అక్కడ ఒకర్ని కాపలా పెట్టాలె. జనం తొక్కకుంట.”

“పెట్టి?”

“అట్ల గాదమ్మా, జర ఇను,” అని విజేందర్ చాయ్ కప్పు పక్కన పెట్టేవాడు.

నిజం చెప్పాలంటే కోమల అడిగేవాటిలో చాలా వాటికి జవాబు ఆమెకు ముందే తెలుసు. ఒకసారి అడిగిందే రెండు నెలల తర్వాత మళ్లీ అడిగేది. స్వర్ణ అది కనిపెట్టింది, భర్తకు చెప్పలేదు. ‘అట్ల గాదమ్మా, జర ఇను’ అనే ఆ ఒక్క మాట కోసం ఊరి ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి వచ్చే మనిషిని ఏమని ఆపుతారు?

లేచేటప్పుడు చెప్పులు తొడుక్కుంటూ, ఊరికే అడిగినట్టు అడిగేది. “మన కేసు ఏమైందన్నా?”

“నడుస్తాందమ్మా.”

ఆ మాట పట్టుకుని వారమంతా బతికేది. కోమల కథలో కేసు అంటే దొరికేదాకా నడిచేదే. దొంగ ఎంత దూరం పోయినా కాగితం ఠాణాలో వెలుగుతూనే ఉంటుందని ఆమె నమ్మకం. హైవే మీద ఎక్కడ లారీ కనిపించినా దాని ముందు బంపర్ వంక చూసేది. సొట్ట పడ్డ లారీలు ఈ దేశంలో ఎన్నుంటాయో లెక్కలేదు, అయినా చూసేది.

ఇంట్లో మైసమ్మ గొడవ వేరు. “చచ్చినోళ్లు లేసి తిరుగుతరా? అది సైతాను పని. పాస్టరయ్య ఇన్నడంటె ఏమనుకుంటడు?” అని గొణిగేది. గొణుగుతూనే, కోమల దుప్పటి కప్పుకునే సమయానికి బియ్యం చాట పట్టుకుని గుమ్మంలో కూర్చునేది. బియ్యంలో రాళ్లు లేకపోయినా చాలాసేపు ఏరేది.

మొన్నటి ఏడు యాప్ వాళ్లు ఫోన్ చేశారు. కథ సాగి సాగి చాలా కాలమైంది, ఇక ముగించమన్నారు. వినేవాళ్లు కూడా ఒకటే అడుగుతున్నారు, లోకం కేసులన్నీ పట్టించినవాడు తన సొంత కేసు ఎప్పుడు పట్టిస్తాడని. ముగింపు కోమల మనసులో ఎప్పటి నుంచో ఉంది. లారీ దొరుకుతుంది, అప్పుడు పదిహేడు నలభైరెండు పోతాడు. అయితే ఆ ముగింపు బయట నిజంగా ముందు జరిగి, కథలో తర్వాత జరగాలని ఆమె ఆశ. అందుకే ఇన్నాళ్లూ సాగదీసింది.

ఇక తప్పక, ముగింపుకు మొదటి భాగంగా, కేసు ఇన్నేళ్లుగా నడుస్తూనే ఉందని దయ్యం గర్వంగా చెప్పుకునే ఘట్టం వదిలింది. దాని కింద ఒక కామెంటు వచ్చింది. పెట్టినాయన తాను పాత పోలీసునని రాసుకున్నాడు. బండి దొరకని కేసును అలా ఏళ్ల తరబడి తెరిచి ఉంచరనీ, దొరకలేదని మూసేసి ఫిర్యాదికి నోటీసు ఇస్తారనీ, రాసే ముందు కనుక్కుని రాయమ్మా అనీ మర్యాదగానే చెప్పాడు.

ఆదివారం కోమల ఆ మాటే తీసింది. “నిజమేనా అన్నా? మూసేస్తరా?”

విజేందర్ చాయ్ కప్పు చేతిలోకి తీసుకున్నాడు. “కొన్ని మూస్తరు,” అన్నాడు.

“మూస్తె ఎవలకు చెప్తరు? ఇంటోళ్లకా?”

“ఫిర్యాదికి.”

“ఇంటోళ్లకు చెప్పరా?”

“కాయిదం ఫిర్యాది పేరు మీదనే వస్తదమ్మా.”

కోమల రాసుకుంటోంది. ఫిర్యాది అని రాసి కలం ఆపింది. కథలో ఫిర్యాది ఎవరని ఆలోచించబోయి, జాషువా కేసులో ఎవరో గుర్తొచ్చి తలెత్తింది. విజేందర్ చాయ్ కప్పులోకి చూస్తున్నాడు. అతను ఈసారి ‘అట్ల గాదమ్మా’ అనలేదు.

“మన కేసు మూసిన్రా అన్నా?”

“మూసిన్రు.”

“ఎప్పుడు?”

“ఏండ్లయింది. లాక్‌డౌన్ అయిపోయినంక.”

స్వర్ణ వంటగది గుమ్మంలోనే ఆగిపోయింది. విజేందర్ తల దించుకునే చెప్పాడు. కాగితం అందిన రోజే అతను కోమల ఇంటికి వచ్చాడు. ఆ రోజు ఆమె అప్పుడే కథ చెప్పడం ముగించి, చెమటలు కారుతూ దుప్పట్లోంచి బయటికొచ్చింది. కథలో హంతకుడు దొరికాడన్నా అని నవ్వుతూ చెప్పింది. జాషువా పోయాక ఆమె నవ్వడం అతను చూసింది అదే మొదటిసారి. పెట్టిన అన్నం తిని, చెప్పకుండా తిరిగి వచ్చేశాడు. వచ్చే వారం చెబుదామనుకున్నాడు. వచ్చే వారం ఆమే అతని ఇంటికి వచ్చి కేసు ఏమైందని అడిగింది, నడుస్తాందని నోట్లోంచి వచ్చేసింది. ఒకసారి అన్నాక ఇక రెండోసారి అనక తప్పలేదు.

“కొత్తగ ఏమన్న ఆధారం దొరికితె మల్ల తెరువొచ్చు. నేను తిరుగుత,” అన్నాడు.

“నా కథల దయ్యమైతె ఎక్కడ్నుంచైన తెస్తది. నువ్వెక్కడ్నుంచి తెస్తవన్నా?” అంది కోమల. కోపంగా అనలేదు. కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుని, చాయ్ తాగకుండా వెళ్లిపోయింది.

తర్వాతి ఆదివారం ఆమె రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. యాప్‌లో కొత్త భాగం రాలేదు. వినేవాళ్లు మొదట అడిగారు, తర్వాత బతిమాలారు, తర్వాత తిట్టారు. ఆఫీసులో ఆమె వేళ్లు టైపు చేస్తూనే ఉండేవి గాని, ఏం చేశావంటే చెప్పలేకపోయేది. ఇంటికొస్తూ లారీల వంక చూడడం మానేసింది. ఇన్నేళ్లూ ఎదురుచూసింది తానొక్కతేనని, ఆ చివర అసలు ఎవరూ లేరని తెలిశాక దుఃఖం కంటే ముందు సిగ్గు వచ్చింది. ఆ సిగ్గే ఆమెను ఎక్కువ ఏడిపించింది. భర్త చనిపోయినప్పుడు పదిమంది పట్టుకుని ఏడ్చారు. ఈసారి ఏడవడానికి ఆమె ఒక్కతే ఉంది.

ఒకనాడు సాయంత్రం మైసమ్మ చాట పట్టుకుని వచ్చి గుమ్మంలో కూర్చుంది. లోపల ఫ్యాను తిరుగుతూనే ఉంది, దుప్పటి మడత మడతలానే ఉంది.

“ఇయ్యాల గూడ లేదా?” అంది.

“లేదత్తా. సైతాను పని అన్నవు గద.”

ముసలామె కాసేపు బియ్యం కలిపింది. “వాడు నా కొడుకే గదా,” అంది.

కోమల తలెత్తి చూసింది.

“నాకు తెల్వదనుకున్నవా? నంబరు జెప్పంగనే తెలిసింది. ఇంటున్న, ఇంటున్న. వానల నిలవడ్డడంటవు, ఎండల నిలవడ్డడంటవు. దొంగల వట్టిండంటవు, మల్ల పోయి ఆ రోడ్డు మీదనే నిలవడ్డడంటవు. ఎన్నేండ్లు నిలవెడ్తవు బిడ్డా వాన్ని? కాళ్లు గుంజవా?”

కోమల నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. లాభం లేకపోయింది. ముసలామె చాట పక్కన పెట్టి కోడలి తలను తన ఒళ్లోకి లాక్కుంది. సంధ్య బడి సంచి భుజాన ఉండగానే వచ్చి, ఏమీ అడగకుండా నాయనమ్మ పక్కన కూర్చుంది. దానికి ఇప్పుడు కథలతో పనిలేని వయసు. అయినా ఎందుకు ఏడుస్తున్నారో దానికి తెలుసు.

మర్నాడు కోమల విజేందర్‌కు ఫోన్ చేసింది. అవతల అతను అన్నీ అనిపించుకోవడానికి సిద్ధపడే ఫోన్ ఎత్తాడు. ఆమె ఒకటే అడిగింది. “అన్నా, పాయింట్ మీద ఉన్నోడు డ్యూటీ దిగాలంటె ఏం జెయ్యాలె?”

ఇన్ని ఆదివారాల్లో ఇదొక్కటే ఆమెకు నిజంగా తెలియని ప్రశ్న. జాషువా ఎంతో చెప్పాడు గాని, డ్యూటీ ఎలా దిగుతారో ఎప్పుడూ చెప్పలేదు. ఆ మాటకు వచ్చేసరికి అతని కాళ్లు వేడినీళ్లలో ఉండేవి, చెప్పాల్సిన పని ఉండేది కాదు.

విజేందర్ ఒక్కొక్కటే చెప్పాడు. “దింపేటోడు రావాలె. వచ్చి వైర్‌లెస్ సెట్ చేతికి తీస్కోవాలె. నేనొచ్చిన, నువ్వు దిగు అని చెప్పాలె. చెప్పినదాక వీడు కదలొద్దు.”

“ఎవలూ రాకపోతె?”

“రాకపోతె ఆడ్నే ఉండాలె.”

“అయితె నువ్వు రా అన్నా,” అంది కోమల. “ఆ మాట నువ్వే చెప్పాలె. నా గొంతుకు అది రాదు.”

విజేందర్ ఆ సాయంత్రం డ్యూటీ నుంచి తిన్నగా, యూనిఫాం మీదే వచ్చాడు. బూట్లు గుమ్మం బయట విడిచాడు. బీరువాకూ గోడకూ మధ్య సందులో అంత పొడుగు మనిషి మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటే ఇంకెప్పుడైనా అయితే సంధ్య నవ్వేది. కోమల ఫ్యాను బంద్ చేసి, దుప్పటి ఇద్దరి మీదికీ లాగి, ఫోన్ మధ్యలో పెట్టి చివరి భాగం చెప్పడం మొదలుపెట్టింది.

అందులో లారీ దొరకలేదు. కేసు మూసేశారు. ఆ సంగతి పదిహేడు నలభైరెండుకు ఎవరూ చెప్పలేదు, చెప్పేవాళ్లకు అతను కనబడడు. ఠాణా వాళ్లు ఒక్కొక్కరే బదిలీ అయి పోయారు. అతను సర్వీసు రోడ్డు కలిసే చోటనే నిలబడి ఉన్నాడు. వాన పడి ఆగింది. దూరం నుంచి ఒక బండి వస్తోంది. ఇంతవరకు చెప్పి కోమల ఫోన్‌ను విజేందర్ వైపు జరిపింది.

అతను నోరు తెరిచాడు. మాట రాలేదు. కోమల ఆపేసి, మళ్లీ ‘బండి వస్తోంది’ అనే మాట నుంచి చెప్పింది. రెండోసారి అతను ఒక్క అక్షరం అని, మోచేతిలో ముఖం దాచుకున్నాడు. ఆమె తొందరపెట్టలేదు. అతని వీపు మీద చెయ్యి వేసి ఉంచి, మూడోసారి బండిని మళ్లీ దూరం నుంచే తీసుకొచ్చింది.

“జాషువా, నేనొచ్చిన రా,” అన్నాడు విజేందర్. “ఆలస్యమైంది. సెట్ ఇటియ్యి. ఇగ నువ్వు దిగు. ఇంటికి పో.”

నంబరు చెప్పాల్సిన చోట అతను పేరు చెప్పాడు. కథలో ఆ పేరు రావడం అదే మొదటిసారి. కోమల దాన్ని దిద్దలేదు, ఫోన్ ఆపేసి అలాగే కూర్చుంది.

గుమ్మంలో చాట కింద పెట్టిన చప్పుడైంది. మైసమ్మ గోడ పట్టుకుని లేచి వంటింట్లోకి పోయింది. స్టవ్ ముట్టించిన చప్పుడు, గిన్నెలో నీళ్లు పోసిన చప్పుడు వినిపించాయి. చాయ్ పెడుతోందనుకుని విజేందర్ తనకొద్దని చెప్పబోయాడు. కోమల చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. నీళ్లు కాగేదాకా ముసలామె పొయ్యి దగ్గరే నిలబడి, తర్వాత ఉప్పు డబ్బా ఎక్కడుందని మనవరాలిని అడిగింది.